నాష్‌విల్ పోవువారు ఏమి వినవలెను?

మన కుటుంబములలో అమెరికాకు పిల్లల యొద్దకు పోయి వచ్చిన పెద్దలు ఇప్పుడు ఇంటికొకరుగా ఉన్నారు. హోసూరు నుండి పోయినవారు, బరంపురము నుండి పోయినవారు, షోలాపురము నుండి పోయినవారు, యానాము నుండి పోయినవారు తిరిగివచ్చి చెప్పెడి మాటలు మాత్రము ఒక్క అచ్చున పోసినట్లుండును. నయాగరా చూచితిమి, న్యూయార్కు మేడలు చూచితిమి, అచ్చటి దేవాలయమున అభిషేకము చేయించితిమి. టెన్నెస్సీ రాష్ట్రమున పిల్లలున్నవారు ఈ వరుసలో నాష్‌విల్ నగరమును గూడ చేర్చుచున్నారు. ఆ నగరమును గూర్చి మాకు వినవచ్చునవి రెండే మాటలు. "అది తాగుబోతుల వీధి, చెవులు చిల్లులు పడును, మర్యాదస్థులు పోదగినది కాదు" అనునది ఒకటి. "ఎంతో సరదా అయిన ఊరు, పెద్ద టోపీలు పెట్టుకొని ఫోటోలు తీయించుకొంటిమి" అనునది రెండవది. ఈ ఇరుతెగలవారితోను మాకు తగవున్నది. ఇరువురును ఆ ఊరికి పోయిరి. ఇరువురిలో ఒక్కరును అచ్చట పాట వినలేదు.

నూరేండ్లుగా పాట వినిపించి బ్రతుకుచున్న ఊరది. అట్టి ఊరిని కన్నులతో చూచి వచ్చుట పెండ్లివారింటికి పోయి పందిరి గుంజలు లెక్కపెట్టి వచ్చుట వంటిది.

మొదట తాగుబోతుల వీధి అనువారి మాట తీసికొందము. "కంట్రీ మ్యూజిక్" అను పేరును వీరు "జానపద సంగీతము" అని తెనిగించి, ఆ వెంటనే పెదవి విరుచుచున్నారు. ఆ తెనుగు సగమే ఒప్పు. అది పల్లెలలో పుట్టిన పాటయే. కాని పల్లెలో పాడుకొన్నట్లే ఉండిపోయిన పాట కాదు. 1925 నవంబరు 28వ తేదీ రాత్రి నాష్‌విల్‌లోని డబ్ల్యు.ఎస్.ఎం. అను రేడియో కేంద్రము నుండి అంకుల్ జిమ్మీ థామ్సన్ అను వృద్ధుడు ఫిడేలు వాయించెను. నేటికిని నిలిచియున్న "గ్రాండ్ ఓల్ ఆప్రీ" అను కార్యక్రమమునకు అదియే మొదటి రాత్రి. ఆ రేడియో కేంద్రము ఎవరిది? ఒక భీమా కంపెనీది. కేంద్రము పేరులోని మూడక్షరములును ఆ కంపెనీ నినాదమునకు పొడి అక్షరములు. లక్షలాది జనమునకు మేము రక్ష అని దాని భావము. రైతులకు పాట వినిపించి, ఆ పాట వలన కలిగిన చనువుతో కంపెనీవారు పాలసీలు అమ్ముకొనిరి. ఈ సంగతి చెప్పినచో మన పెద్దలు ముఖము చిట్లింతురు. కళయు వ్యాపారమును ఒక పంక్తిని కూర్చుండరాదని మన నమ్మకము. ఆ నమ్మకము వలన మన పాటగాండ్రకు ఒరిగినది ఏమో ఇంతవరకు ఎవరును మాకు చెప్పలేదు.

ఆ కార్యక్రమమునకు పేరు వచ్చిన కథ మన సభాధ్యక్షులు తప్పక వినదగినది. 1927 డిసెంబరులో ఒక రాత్రి వీరి కార్యక్రమమునకు ముందు గంటలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమును, అనగా ఆపెరాల ఫక్కి సంగీతమును, ఎన్.బి.సి. వారు ప్రసారము చేసిరి. అది ముగిసినంతనే జార్జి హే అను ప్రకటనకర్త, ఇంతవరకు మీరు విన్నది "గ్రాండ్ ఆపెరా", మేము వినిపించునది "గ్రాండ్ ఓల్ ఆప్రీ" అను భావము వచ్చునట్లు ఎకసక్కెమాడెను. ఆపెరా అను మాటకు పల్లెవాని నోటి రూపము ఆప్రీ. తక్కువవారని తమ్ము అనకముందే ఆ మాటను తామే పేరుగా పెట్టుకొనిరి. ఆ రాత్రి వాయించినవారిలో డిఫోర్డ్ బెయిలీ అను నీగ్రో జాతి కళాకారుడు ముఖ్యుడు. చిన్న మౌతార్గనుపై రైలుబండి కూతను, చక్రముల మోతను, దూరమునకు పోవుకొలది సన్నగిల్లు ధ్వనిని పలికించిన మొనగాడు.

ఈ బెయిలీ కథను నాష్‌విల్ టోపీల అంగళ్ళలో చెప్పరు కనుక మేము చెప్పెదము. ఆప్రీ తొలి తారలలో ఒకడైన ఆయన, తోడి కళాకారులతో ఊరూరు తిరిగినప్పుడు, వారు దిగిన హోటళ్ళలో తాను దిగుటకు వీలు లేకపోయెను. ఒంటి రంగు అందులకు కారణము. 1941లో ఆయనను ఆప్రీ నుండి తీసివేసిరి. పిమ్మట ఆ నగరముననే బూట్లకు పాలిషు చేయు అంగడి నడుపుకొని బ్రతికెను. 1982లో మరణించెను. కంట్రీ సంగీత కీర్తిమందిరమున ఆయనకు చోటు దొరకినది 2005లో. ఆ సంగీతమునకు ప్రాణమని అందరును చెప్పెడి బాంజో వాద్యమును ఆ దేశమునకు తెచ్చినది ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారు. తెచ్చినవారికి పీట చివర వేయుట ఒక్క నాష్‌విల్ చేసిన పని కాదు. డోలు సన్నాయి వాయించువారిని మన పెండ్లిండ్లలో ఏ పంక్తిని కూర్చుండబెట్టితిమో, ఎన్నవ పంక్తిని కూర్చుండబెట్టితిమో మనకు తెలియును.

కనుక మా మాట వినువారు నాష్‌విల్‌లో బ్రాడ్వే వీధికి ముందు ఫిస్క్ విశ్వవిద్యాలయమునకు పోవలెను. బానిసత్వము నుండి విడుదలైనవారి చదువుకొరకు 1866లో స్థాపించిన విద్యాలయమది. కొన్నేండ్లకే డబ్బు లేక మూతపడు స్థితికి వచ్చెను. అప్పుడు, 1871లో, అచ్చటి విద్యార్థులు కొందరు గాయక బృందముగా ఏర్పడి, తమ తల్లిదండ్రులు పొలములలో పాడుకొన్న భక్తి పాటలను ఊరూర పాడి ధనము కూర్చిరి. జూబిలీ గాయకులు అని వారికి పేరు. 1873లో ఇంగ్లాండునకు పోయి విక్టోరియా రాణి యెదుట పాడిరి. ఆ పాటల డబ్బుతో లేచినది అచ్చటి జూబిలీ హాలు. 1876 నాటి ఆ కట్టడము నేటికిని ఉన్నది. పాట కూడు పెట్టునా అని పిల్లలను కసరు తండ్రులను ఆ గోడ యెదుట ఒక నిమిషము నిలువబెట్టవలెను. 1960 ఫిబ్రవరిలో ఆ విద్యార్థుల తరువాతి తరమువారు, నగరమునందలి ఇతర కళాశాలల పిల్లలతో కలిసి, నల్లవారికి వడ్డింపని ఫలహారపు బల్లల యొద్ద కూర్చుండి సత్యాగ్రహము చేసిరి. ఆ అంగళ్ళున్న వీధికిని నేటి పాటల వీధికిని నడక దూరమే.

ఇక మనవంటివారికి, అనగా మూలమైన సీమను విడిచి తరతరములుగా పరసీమలలో స్థిరపడినవారికి, ఈ సంగీతముతో ఒక సొంత చుట్టరికము ఉన్నది. టెన్నెస్సీకి తూర్పున అపలాచియన్ కొండలు కలవు. ఇంగ్లాండు, స్కాట్లాండు, ఐర్లండుల నుండి పోయినవారి సంతతి ఆ కొండలలో నిలిచెను. సెసిల్ షార్ప్ అను ఆంగ్లేయ సంగీతజ్ఞుడు 1916 మొదలు 1918 వరకు మాడ్ కార్పెలిస్ అను తన సహాయకురాలితో ఆ కొండలు ఎక్కి దిగి పాటలు వ్రాసికొనెను. ఇంగ్లాండున ఏ ముసలివారి నోటనో తప్ప వినరాని పాత కథాగేయములు ఆ కొండలలో పిల్లల నోట గూడ ఆడుచుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. ఊరు విడిచినవాడు ఊరి పాటను మూటగట్టుకొని పోయెను. ఊరిలో ఉన్నవాడు మరచెను. ఆ మూటలోని ఫిడేలు, ఆఫ్రికా నుండి వచ్చిన బాంజో, హవాయి ద్వీపముల నుండి వచ్చిన జారుడు గిటారు, ఈ మూడును కలిసినవే నాష్‌విల్ వేదిక మీద నేడు వినబడుచున్నవి.

ఇది మనకు కొత్త సంగతియా? తంజావూరు జిల్లా మెలట్టూరులో నరసింహ జయంతికి ఆడు భాగవతమేళ నాటకములు తెలుగు నాటకములు. మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారి రచనలు. తిరువయ్యారున ఏటేట ఆరాధననాడు వందలమంది ఒక్క గొంతుగా పాడు ఐదు ఘనరాగ కృతులలో నాలుగు తెలుగువి. కావేరి గట్టున తెలుగు పాట నిలిచినట్లే, అపలాచియన్ కొండలలో ఇంగ్లాండు పాట నిలిచినది. ఇంతవరకు పోలిక చక్కగా కుదిరినది. ఇచ్చట నుండి తేడా మొదలగుచున్నది. వారు ఆ పాటతో ఒక నగరమును నడుపుచున్నారు. మనము ఆ పాటకు ఏడాదికొకసారి దండ వేయుచున్నాము.

ఆ నగరమున పాట నడచు తీరు చూడుడు. రైమన్ ఆడిటోరియము అని ఒక ఇటుకల మందిరము కలదు. టామ్ రైమన్ అను పడవల వ్యాపారి ఒక మత ప్రచారకుని ప్రసంగము విని మారుమనసు పొంది, ప్రార్థనా సభలకొరకు కట్టించగా 1892లో పూర్తియైనది. నేటికిని చర్చిలోని వలె కొయ్య బల్లలపైనే కూర్చుండి వినవలెను. 1943 నుండి 1974 వరకు ఆప్రీ అచ్చట జరిగెను. తరువాత ఊరి వెలుపల పెద్ద మందిరము కట్టుకొని పోవునప్పుడు, పాత వేదిక చెక్కల నుండి 6 అడుగుల వెడల్పుగల గుండ్రని ముక్కను కోసి కొత్త వేదిక నడుమ పొదిగిరి. పాడువాడు ఆ చెక్కమీద నిలిచి పాడును. 2010 మే నెలలో కంబర్లాండు నదికి వరద వచ్చి ఆ కొత్త మందిరము వేదికతో సహా మునిగినది. నీరు తీసిన తరువాత ఆ చెక్కను బాగుచేయించి, మరల అచ్చటనే అమర్చి, ఆ యేటి సెప్టెంబరులో తలుపులు తెరచిరి. మనమైనచో ఆ చెక్కకు అద్దాల పెట్టె చేయించి, పసుపు కుంకుమ పెట్టి, దానిపై ఎవరును కాలు మోపరాదని బోర్డు కట్టియుందుము. వారు దానిని పూజించుటయు నిజమే, ప్రతి వారము తొక్కుటయు నిజమే.

ఇప్పుడు బ్రాడ్వే వీధి. మన పెద్దలు అసహ్యించుకొన్న వీధి ఇదియే. ఇరుప్రక్కల మద్యశాలలే, కాదనము. వానిని హాంకీటాంకులందురు. ఉదయము పది పదకొండు గంటలకే పాట మొదలై అర్ధరాత్రి దాటినను ఆగదు. ఒక్కొక్క బృందము ఇంచుమించు నాలుగు గంటలు పాడి దిగగానే మరియొక బృందము ఎక్కును. చాల చోట్ల లోనికి పోవుటకు టికెట్టు లేదు. మేము పోయినప్పుడు పగటివేళ ఒక మూల బల్లకు కూర్చుండి నిమ్మసోడా తెప్పించుకొంటిమి. మద్యము త్రాగుమని ఎవరును బలవంతము చేయలేదు, త్రాగనందుకు ఎవరును నవ్వలేదు. వేదిక అంచున ఒక బకెట్టు. పాడువారి రాబడిలో పెద్దపాలు ఆ బకెట్టులోనిదే. యజమాని ఇచ్చునది స్వల్పము. పాట నడుమ బృందములో ఒకరు ఆ బకెట్టు పట్టుకొని బల్లబల్లకు వచ్చును. చూచుచునే మా పక్కనున్న మనవారు కొందరు చరవాణి తీసి అందులో తలలు దూర్చిరి.

ఇందులో సిగ్గుపడవలసినది ఏమున్నది? మన హరికథలో చదివింపులు లేవా? దాసుగారు కథ నడుమ నిలిపి చిడతలు ప్రక్కన బెట్టగా, పళ్ళెము సభలో తిరుగుట, ఫలానావారి అమ్మాయి పుట్టినరోజుకు నూటపదహార్లు అని చదువుట, సభ "సెబాసు" అనుట, ఇవన్నియు మనము ఎరిగినవే. ఆదిభట్ల నారాయణదాసుగారివంటి మహానుభావులు దిద్ది తీర్చిన కళ అది. వినినవాడు వినినంతనే తన చేతితో ఇచ్చును. పాడినవాడు తలయెత్తి పుచ్చుకొనును. నడుమ కమిటీ లేదు. అది బిచ్చమువలె ఉన్నదని చదువుకొన్నవారు కొందరు సిగ్గుపడి, పళ్ళెమును మాన్పించిరి. మాన్పించి దానికి బదులుగా పెట్టినది శాలువ. శాలువతో సంచి బియ్యము రాదు. నాష్‌విల్ బకెట్టును చూచి ముఖము త్రిప్పుకొనువారు తమ తాతలు వేసిన నాణెముల చప్పుడును మరచినవారు.

బకెట్టు గొప్ప ఏర్పాటని మేము వాదింపము. నాలుగు గంటలు గొంతు చించుకొనినను వర్షమునాడు చిల్లర రాలదు. టోపీల తెగవారు ఎప్పుడును అడిగెడి పది పాటలనే పాడి పాడి, తాము కట్టిన పాటను పాడుకొనుటకు సందు దొరకక విసిగినవారు ఆ వీధిలో ఎందరో. అందుకే ఆ ఊరికి పోయి బ్రాడ్వేతో ఆగిపోయినవాడు సగము ఊరే విన్నట్లు. తక్కిన సగమునకై బ్లూబర్డ్ కెఫేకు పోవలెను.

1982లో ఆమీ కర్లాండ్ అను ఆమె తెరచిన చిన్న ఫలహారశాల అది. ఒక మామూలు అంగళ్ళ వరుసలో ఉన్నది; తెలియనివాడు దానిని దాటిపోవును. కూర్చుండుటకు 90 చోట్లు మాత్రమే. పాటలు పాడి పేరు పొందినవారికంటె పాటలు కట్టినవారు అచ్చట ముఖ్యులు. నలుగురు రచయితలు గది నడుమ ఒకరికొకరు ఎదురుగా కూర్చుండి వంతులవారీగా తమ పాట తాము పాడుదురు. ఆ పాట ఎట్లు పుట్టినదో ఒకటి రెండు మాటలు చెప్పుదురు. ఎవరైనను గుసగుసలాడినచో "ష్" అను చప్పుడు వచ్చును. ఆ "ష్" ఆ స్థలమునకు ఆచారము. 2008 నుండి దానిని నడుపుచున్నది పాటల రచయితల సంఘమే. ఒక సంఘము పాటకొరకు చేయదగిన పనికి ఇది ఉదాహరణము: మాట్లాడకుండుము అని అతిథికి చెప్పు ధైర్యము.

ఆ రచయితల రాబడి ఎంత అని అడుగువారు ఉందురు. అమెరికా చట్టము ప్రకారము అమ్ముడైన ఒక్కొక్క ప్రతికి పాట ఒక్కింటికి 2006 నుండి 2022 వరకు 9.1 సెంట్లు, 2023లో దానిని 12 సెంట్లకు పెంచిరి. అది గూడ తోడు రచయితతోను, ప్రచురణకర్తతోను పంచుకొనవలసినదే. 2023 నాటి ఆ 12 సెంట్లు డాలరులో ఎనిమిదవ వంతు గూడ కావు. అయినను ఆ పైసలను లెక్కగట్టి ఇయ్యవలెనని చట్టమున్నది, లెక్క తప్పినచో అడుగుటకు సంఘమున్నది.

మన లెక్కలు ఎట్లున్నవి? మాకు తెలిసిన ఒక సంఘము, పేరు చెప్పము, ఉగాదికి హరికథ ఏర్పాటు చేసినది. షామియానావానికి ఇచ్చిరి, మైకువానికి ఇచ్చిరి, వంటవానికి బయానాయే ఇచ్చిరి. కథ చెప్పుటకు 200 మైళ్ళు బస్సులో వచ్చిన భాగవతారుకు శాలువ, కొయ్య జ్ఞాపిక, దానితో బస్సు చార్జీలు ఇచ్చిరి. కథకు గంటన్నర కేటాయించి, అందులో నలభై నిమిషములు పెద్దల ప్రసంగములకు మింగిరి. కథ సాగుచుండగా వెనుక వరుసలలో పులిహోర పొట్లములు పంచిరి. కారణమడుగగా కార్యదర్శిగారు, "మేము వారికి అవకాశము ఇచ్చితిమి గదండీ" అనిరి. ఆ మాటకు మా యొద్ద నేటికిని సరియైన జవాబు లేదు, కోపము మాత్రమున్నది. వంటవానికి గూడ అవకాశమే ఇచ్చి చూచియుండవలసినది.

నాష్‌విల్ మాత్రము స్వర్గమా అని మమ్ము ఎదురు ప్రశ్నించువారు ఉందురు. కాదు. కీర్తియే ఆ ఊరికి చీడగా పట్టినది. పేరుమోసిన గాయకుల పేర్లతో అంతస్తులమీద అంతస్తులుగా మద్యశాలలు లేచినవి. పెండ్లికి ముందు వేడుక అని గుంపులుగా వచ్చినవారు తొక్కుడు బండ్లమీద త్రాగుచు, కేకలు వేయుచు వీధిలో తిరుగుచున్నారు. వారి కేకలకు లోపలి ఫిడేలు వినబడదు. 1947లో ఎర్నెస్ట్ టబ్ అను గాయకుడు పెట్టిన రికార్డుల అంగడి 2022లో మూతపడినది. ఎందరి పాటలో అచ్చుపడిన ఆర్.సి.ఎ. వారి "స్టూడియో ఎ" కట్టడమును 2014లో పడగొట్టబోగా, పాటలవారు గోలచేయుట చేతను, కొందరు ముందుకు వచ్చి కొనుట చేతను నిలిచినది. రైమన్ మందిరమే 1974 తరువాత పాడుబడి, కూలగొట్టుదురేమో అను స్థితికి వచ్చి, 1994లో గాని మరల తెరచుకొనలేదు. అనగా ఆ ఊరిలో పాట తనంత తాను నిలువలేదు. ప్రతి పదియేండ్లకును ఎవరో ఒకరు తగవులాడి నిలుపుచున్నారు. టోపీ పెట్టుకొని ఫోటో తీయించుకొని వచ్చినవాడు, తెలియకయే అయినను, ఆ తగవులో చీడ పక్షమున నిలిచినవాడే.

పోవువారికి మేము చెప్పునది ఇది. చేతిలో చిల్లర నోట్లు ఉంచుకొనుడు. బకెట్టు వచ్చినప్పుడు పాడినవాని ముఖము చూచి వేయుడు. అందరును అడిగెడి పాటను అడుగక, మీరు కట్టిన పాట ఒకటి పాడుడని అడుగుడు. ఆ ముఖము వికసించుట మీరే చూతురు. బ్లూబర్డునకు ముందుగా చోటు చెప్పించుకొనుడు. గిటారు, బాంజో, మాండొలిన్ల పోటీ వినవలెనన్నచో స్టేషన్ ఇన్ అను మరియొక చిన్న చోటున్నది, 1974 నాటిది. బ్లూగ్రాస్ అను శాఖకు అది పుట్టినిల్లు కాకపోయినను మెట్టినిల్లు. మృదంగము తనియావర్తనమునకు తల ఊపు అలవాటున్నవారికి అచ్చటి బాంజో చేతివేగము కొత్తగా తోచదు.

తిరిగివచ్చిన తరువాత మరియొక ప్రశ్న. ఎనిమిదివేల మైళ్ళకు మించి ఎగిరి నాష్‌విల్ పాటను చూచివచ్చిన మన తమిళనాటి, కర్ణాటక కుటుంబములలో, ఒక్క రాత్రి రైలు ప్రయాణము చేసి మెలట్టూరులో నరసింహ జయంతికి తెల్లవారుదాక కూర్చుండినవారు ఎందరు? మేము మా పేటలో ఇరువదిమందిని అడిగితిమి. ఒకరు పోయినారట, అదియును చిన్ననాట, తాతగారి వెంట.

రాబోవు సంచికలో మన సంఘముల వార్షిక లెక్కలు అచ్చగునప్పుడు, షామియానా, మైకు, భోజనములు, శాలువలు అను పద్దుల సరసన "పాడినవారికి ఇచ్చినది" అను పద్దును విడిగా, అంకెతో సహా వేయవలెనని మేము కోరుచున్నాము. అంకె సున్న అయినచో సున్నయే వేయుడు. సభ్యులు చదువుకొందురు.